బండే నిలిచింది

ఆశ గదిలోంచి పళ్లెం పెట్టింది పెట్టినట్టే తిరిగి వచ్చింది. రాగిముద్ద మీద పోసిన చారు ఆరిపోయి అట్టకట్టింది.

పాపక్క ఆ పళ్లాన్ని వంటింటి బండ మీద పెట్టి కోడలి వైపు తిరిగింది.

"గురువారం నుంచీ ఇట్లే ఉండాది నా బిడ్డ. నీకూ కనబడుతాంది కదా."

"కనబడుతాంది అత్తా," అంది రంజిత.

"కనబడితే చాలదమ్మా. రేపు పొద్దున అందరమూ పోలీస్ స్టేషన్‌కి పోవాల. ఆడ ఒక్క మాట చెప్పు. అద్దం మార్చినాక కెమెరా సెట్ చేసింది నేనే, నా చేతిలోనే తప్పు జరిగిపాయ అని. అంతే. ఆశ బయటపడుతుంది."

రంజిత చేతిలోని గిన్నె కింద పెట్టింది. "తప్పు జరిగిందో లేదో చూడకుండానే ఎట్ల చెప్పేది?"

"ఇంక చూసేదేముంది? అద్దం మన షాపులోనే మార్చినాము. వారం తిరక్కముందే బండి నడిరోడ్డులో దానంతట అదే నిలిచిపాయ. వెనకాల స్కూటీలో వచ్చే ఆయమ్మ గుద్దుకోని కాలు విరగ్గొట్టుకొనె. ముందర ఏమీ లేదని నా బిడ్డ చెప్తాంది. ఏమీ లేనిదానికి బ్రేకు పడిందంటే నీ కెమెరాకు కండ్లు కనబడనట్టే కదా."

పాపక్కకు అద్దాలు తెలియనివి కావు. మొగుడితో కలిసి యలహంక పాత ఊళ్లో లారీలకూ బస్సులకూ అద్దాలు బిగించిన మనిషి. రబ్బరు బీడింగుకు సబ్బునీళ్లు రాసి, దారం లాగి, అంత పెద్ద అద్దాన్ని చట్రంలోకి దించడంలో ఆమె చెయ్యే చెయ్యి అని పాత డ్రైవర్లు ఇప్పటికీ అంటారు. మొగుడు పోయాక షాపు ఆమె పేరు మీదే నిలబడింది.

కొత్త కార్ల సంగతి వేరు. అద్దం వెనకాల, నడిమి మిర్రర్ పక్కన, వాటికి చిన్న కెమెరా ఒకటి ఉంటుంది. అది రోడ్డును చూస్తూ ఉంటుంది. ఎవరైనా అడ్డం వస్తే డ్రైవరు కాలు కంటే ముందు తానే బ్రేకు వేస్తుంది. అద్దం మార్చిన ప్రతిసారీ దాని చూపును మళ్లీ సరిచెయ్యాలి. రంజిత ట్రైనింగుకు పోయి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు పాపక్క మిషన్లు కొనడానికి ఒప్పుకుంది. అయితే నమ్మలేదు. కనబడని పని ఆమెకు పనిలాగా తోచదు.

"అక్కా, ఈ డిస్కషన్ ఎందుకు?" అన్నాడు దీపక్ హాల్లోంచి, రంజితతో.

ఆశ మొగుడు. అనంతపురం నుంచి ఉద్యోగానికి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో కుదురుకున్నవాడు. గురువారం సాయంత్రం భార్యనూ బండినీ ఇక్కడికి చేర్చినప్పటి నుంచీ రోజూ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాడు. ఆశ గదిలోకి మాత్రం పోవడం లేదు.

"చెక్ చేసేదేమీ వద్దక్కా. లీవ్ ఇట్. బండి నేనే షోరూమ్‌లో ఇచ్చేస్తా. వాళ్లే చూసుకుంటారు."

"పని చేసినదాన్ని నేను ఇంట్లో ఉండంగా షోరూమ్ ఎందుకు?"

"ఊరికే. మీకు టెన్షన్ వద్దని."

రంజిత వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. "గురువారం నువ్వు ఆఫీసులోనే ఉంటివి కదా దీపక్?"

"అవునక్కా. మీటింగ్‌లో ఉన్నా. ఆశ ఫోన్ చేసినాకే తెలిసింది."

అడగ్గానే వచ్చింది జవాబు. కళ్లు మాత్రం చేతిలోని ఫోను మీద నుంచి లేవలేదు. ఆ ఫోను తెర వెలగడం లేదు.

రంజిత గోడకు తగిలించిన కారు తాళం తీసుకుని షెడ్డులోకి దిగింది.

* * *

నాగరాజ్ వెనకాలే వచ్చాడు. రంజిత మొగుడు. షాపులో అద్దాలు బిగించే పని అతనిది, కెమెరాల పని ఆమెది. మాట్లాడుకోకుండానే ఒకరికి కావలసింది ఇంకొకరు అందించడం వాళ్లకు అలవాటు. ఆ రోజు మాత్రం షెడ్డులో ఆ నిశ్శబ్దం వేరుగా ఉంది.

ఆమె టైర్లలో గాలి చూసింది. డిక్కీలో ఆశ సామాను ఉంటే అంతా కిందికి దించింది. బండి ఎదురుగా, కెమెరా చూపు సరిచూసే నలుపు తెలుపు గళ్ల బోర్డు నిలబెట్టి, చక్రం నడిమి నుంచి బోర్డు దాకా టేపు పట్టింది.

"అద్దం ఏది వేసినావు?" అని అడిగింది, తల ఎత్తకుండా.

"అంటే?"

"కంపెనీదే వేసినావా, ఇంకోటి ఏమన్నా తెచ్చినావా?"

టేపు రెండో కొస నాగరాజ్ చేతిలో ఉంది. అది వదులైంది. "నా చెల్లెలి బండికి ఇంకోటి వేస్తానా నేను?"

"నాకు తెలీదు. అడుగుతాండా."

"నన్ను అనుమానిస్తాండావు."

"గురువారం నుంచీ ఈ ఇంట్లో అందరూ నన్ను అనుమానిస్తాండారు. నువ్వు ఒక్కసారన్నా 'లేదమ్మా, దాని పని నాకు తెలుసు' అన్నావా? నేను నిన్ను ఒక్క మాట అడిగేతలికి నొచ్చుకుంటాండావు."

నాగరాజ్ టేపు బిగించి పట్టుకున్నాడు.

ఆమె వంగి అద్దం మూలన ఉన్న గుర్తు చూసింది. కంపెనీదే. కెమెరా కూర్చునే పట్టీ కూడా అంటించిన చోట అంటించినట్టే ఉంది. మనసులో సిగ్గనిపించింది.

అసలు అనుమానం ఆమెకు తన మీదే. ఆ పని చేసిన రోజు ఎండ బాగా కాసింది. షెడ్డు రేకు తలుపు సందులోంచి వెలుతురు బోర్డు మీద పడకుండా గోనె అడ్డం కట్టిందా, లేదా? ఆశ బయట నిలబడి "అయిందా వదినా?" అంటూ తొందర పెట్టింది. ఆ తొందరలో ఒకసారి చూడాల్సింది చూడకుండా వదిలేసిందా? గురువారం నుంచీ అన్నం ముందు కూర్చున్నా, పక్క మీద ఒరిగినా ఇదే. ఒక ముసలామె కాలు తన చేతి పొరపాటు వల్ల విరిగిందా అన్న ప్రశ్న.

మిషను తీగ బండికి తగిలించింది. చేతిలోని ట్యాబ్ తెర మీద గీత నిదానంగా సాగింది. నాగరాజ్ ఆమె భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. ఆమెకు అతని ఊపిరి వినబడుతోంది.

గీత చివరికి చేరింది. ఆమె నమ్మలేక మళ్లీ మొదటి నుంచీ చేసింది. మళ్లీ అదే వచ్చింది.

"సరిగ్గానే ఉండాది," అంది.

నాగరాజ్ ట్యాబ్ తీసుకుని చూశాడు. ముఖం విప్పారింది. "చెప్పలా నేను..." అని మొదలుపెట్టి, తాను ఎప్పుడూ చెప్పలేదన్నది గుర్తొచ్చి ఆగిపోయాడు.

రంజిత బండి ముందుకు పోయి నిలబడింది. అద్దం వెనక నుంచి ఆ చిన్న నల్లటి కన్ను తిన్నగా ఆమెనే చూస్తోంది.

"కెమెరా సరిగ్గా ఉండాదంటే, ఆ దినం బండి ముందర ఎవరో ఉండినారు."

"కుక్క గిక్క వచ్చిండొచ్చు."

"కుక్క వచ్చింటే ఆశ చెప్పదా? కుక్క అడ్డం వచ్చిందంటే ఎవరి తప్పూ ఉండదే. అట్లాంటప్పుడు ఏమీ లేదు, ఏమీ లేదు అని ఎందుకు సాధిస్తాంది?"

నాగరాజ్ రేకు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ మాట అమ్మకు చెప్పొద్దు."

"ఏ మాట?"

"కెమెరా బాగుండాదనే మాట. రంజితా, రొంత ఆలోచించు. కెమెరా తప్పంటే నీకు పోయేది ఒక మాట. బాగుండాదంటే నా చెల్లెలు అబద్ధం చెప్పినట్టు. పోలీసుల ముందర."

"నాకు పోయేది ఒక మాటా?" ఆమె బోర్డు కాళ్లు మడిచింది. "నేను సరిచేసిన కెమెరాలు పెట్టుకోని ఎంతమంది రోడ్ల మీద తిరుగుతాండారో నీకు తెలుసు. బిడ్డల్ని కూర్చోబెట్టుకోని తిరుగుతాండారు. నా చేతిలో తప్పు జరిగిందని నేనే స్టేషన్‌లో చెప్పినాక, వాళ్లందరికీ ఏమని చెప్పేది?"

"మనింటి పిల్ల అది."

"నేను?"

నాగరాజ్ టేపు చుట్టసాగాడు. రంజిత చేతులు కడుక్కుని, కారు తాళం పర్సులో వేసుకుంది.

"యాడికి?"

"చందాపురకి. మా అమ్మను చూసొస్తా."

* * *

మెజెస్టిక్ దాకా బస్సు, అక్కణ్ణించి మెట్రో మారి బొమ్మసంద్ర, ఆపైన ఆటో. దారి పొడుగునా రంజిత ఏమని అడగాలో అనుకుంటూనే ఉంది. పుట్టింటి వీధి మలుపు వచ్చినా ఆటోను ఆపమనలేదు. స్కూటీ ఆమెను చేర్చిన ఆస్పత్రి దగ్గర దిగింది.

సొన్నమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో బట్టలు కుట్టే మనిషి. తల నెరిసింది, చెయ్యి మాత్రం ఇంకా గట్టిది. కట్టు కట్టిన కాలును దిండు మీద పెట్టుకుని, రెండో కాలు ముడుచుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"నేను ఆ కారు వాళ్లింటి కోడల్నమ్మా," అంది రంజిత. "చూసిపోదామని వచ్చినా."

"ఇంకొకరా?" అంది సొన్నమ్మ. "నిన్ననే ఒకాయప్ప వచ్చిపోయినాడే. కూర్చో. నాకు ఎవరి మీదా కోపం లేదు. కంప్లైంటు ఇచ్చింది మా తమ్ముడు. నేను ఇయ్యమనలా."

నిన్న వచ్చింది ఎవరని రంజిత వెంటనే అడగలేదు. కాలు ఎట్లా ఉందని అడిగింది, డాక్టరు ఏమన్నాడని అడిగింది. తరువాత, "ఎట్లా జరిగిందమ్మా?" అంది.

"సుమ్నే, ఊరికే నా కర్మ. ఆ కారు రోడ్డు పక్కన నిలిచిండె. లైట్లు టిక్కు టిక్కుమని కొట్టుకుంటాండె. ఒకాయప్ప అందులోనుంచి దిగి ముందరికి నడిచిపోతాండె. నేను వెనకాల వస్తాండా. కారు బయల్దేరె. సరే పోతాందిలే అని నేనూ దాని వెంబడే పోతి. చూస్తే ఆ అప్ప ముందర నడిరోడ్డులో ఇట్లా తిరిగి నిలబడుకోనుండాడు, చేతులు చాపుకోని."

రంజిత మంచానికి దగ్గరగా జరిగింది.

"కారు తగ్గలేదమ్మా. పోతానే ఉండె. ఇంక కొట్టేస్తుంది అనుకొంటి. అంతలో ముక్కుతాడు పట్టి లాగినట్టు నిలిచిపాయ. నాకు నిలిపేదానికి కాలేదు."

"ఆ అప్ప ఏం చేసినాడు?"

"ఆయప్పే కదా నన్ను లేపి ఆటోలో ఏసింది. కాలు విరిగింది నాది, ఏడ్చేది ఆయప్ప."

రంజిత ఫోనులో ఇంటివాళ్లందరూ ఉన్న ఫోటో తీసి చూపించింది. సొన్నమ్మ తెరను కంటి దగ్గరికి తెచ్చుకుని, వెతక్కుండానే దీపక్ ముఖం మీద వేలు పెట్టింది.

"ఈయప్పే. నిన్న వచ్చిందీ ఈయప్పే. పండ్లు తెచ్చిచ్చి, నా రెండు చేతులూ పట్టుకోని, నేను ముందర నిలబడింది ఎవరికీ చెప్పొద్దమ్మా అనె. ఎవరికీ చెప్పలా. నువ్వు ఇంటిదానివని చెప్తాండా."

ఆఫీసులో ఉన్నా, మీటింగ్‌లో ఉన్నా అన్నవాడు. చెక్ చేసేదేమీ వద్దన్నవాడు. బండిని షోరూమ్‌కు తోలుకుపోతానన్నవాడు.

"కారు నడిపిన పిల్ల?" అని అడిగింది.

సొన్నమ్మ దిండు మీది కాలు సర్దుకుంది. "ఆ పిల్ల దిగలేదమ్మా. అంత గలాటలో కూడా దిగలేదు. స్టీరింగు పట్టుకోని ముందరికి చూస్తా అట్లే కూర్చోనుండె. భయపడిపోయిందేమో పాపం."

తిరుగు ప్రయాణంలో మెట్రో కిటికీ పక్కన నిలబడి రంజిత ఒకటొకటే పేర్చుకుంది. ఆశను దీపక్ ఏదో అన్నాడు. అడ్డం నిలబడి పోనివ్వకుండా చేశాడు. తరువాత నోరు విప్పొద్దని బెదిరించాడు. అందుకే ఆ పిల్ల గదిలోంచి రావడం లేదు, అన్నం ముట్టడం లేదు. అంతా సరిపోతోంది. ఒక్కటే సరిపోవడం లేదు. అంతగా ఏడ్చినవాడు బెదిరిస్తాడా?

* * *

ఆమె వచ్చేటప్పటికి షెడ్డులోకి ఏటవాలుగా ఎండ పడుతోంది. మడిచిపెట్టిన బోర్డు పక్కన, ప్లాస్టిక్ స్టూలు మీద ఆశ కూర్చుని ఉంది. గురువారం తరువాత ఆమె గది దాటి రావడం ఇదే మొదలు. తల దువ్వుకుంది. ముఖం కడుక్కుంది.

"యాడికి పోయింటివి వదినా?"

"సొన్నమ్మ దగ్గరికి."

"ఆమె పేరు సొన్నమ్మా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. రంజిత రేకు తలుపు దగ్గరగా వేసి, బండికి ఆనుకుని నిలబడింది.

"కెమెరా సరిగ్గానే ఉండాది ఆశా."

"నాకు తెలుసు."

"దీపక్ ముందర నిలబడినాడంట."

"నిలబడినాడు."

"చెప్పొద్దని బెదిరించినాడా నిన్ను? నిజం చెప్పు. ఈ ఇంట్లో ఎవరు ఏమన్నా నేను నీ పక్కనుంటా."

ఆశ తల అడ్డంగా ఊపింది. "నువ్వు మంచిదానివి వదినా. దీపక్ నన్ను ఎప్పుడూ బెదిరించడు. గొంతు కూడా లేపడు."

"అయితే గలాట దేనికి?"

ఆశ చున్నీ కొసను ఒళ్లో పెట్టుకుని మడత మీద మడత పెడుతూ చెప్పింది. "ఆ దినం స్కూల్లో హెడ్‌మిస్ నన్ను పిలిపించింది. కొత్త టీచరు వస్తాంది, నీ క్లాసు పిల్లల సంగతి ఆమెకు చెప్పిపెట్టు అనింది. ఎందుకు మేడమ్ అన్నా. నువ్వు జూన్ నుంచి రావు కదా, మీ ఆయన వచ్చి ఎప్పుడో చెప్పిపోయినాడు, నీకు తెలీదా అనింది. పక్కన ఇంకో ఇద్దరు టీచర్లు ఉండిరి. తెలుసు మేడమ్, మర్చిపోతి అన్నా."

ఆశ మడతలన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

"స్ట్రెస్ ఉంటే పిల్లలు పుట్టరంట. నాకు ఏ డాక్టరూ ఆ మాట చెప్పలా. ఆయనకే తోచిండాది. నన్ను అడిగితే వద్దంటానని తానే పోయి చెప్పేసినాడు. ఆ దినం నన్ను తోడుకపోయేదానికి స్కూలుకే వచ్చిండె. బండి నేను నడుపుతాండా. ఇట్లా చేసినావా అని అడిగితే నవ్వినాడు వదినా. కోపం తగ్గినాక నువ్వే థ్యాంక్స్ చెప్తావు అన్నాడు. పక్కకు నిలిపి, దిగు అన్నా. దిగినాడు."

"తర్వాత?"

"నడుచుకుంటా ముందరికి పోయినాడు. నేను బండి కదిలిస్తానే తిరిగి నడిరోడ్డులో నిలబడినాడు. చేతులు చాపి. అప్పుడు కూడా నవ్వుతానే ఉండాడు. నేను నిలుపుతానని అంత నమ్మకం."

బయట ఎవరో స్కూటరు ఆపి, మళ్లీ తీసుకుపోయారు.

"నిలిపినావు కదా," అంది రంజిత.

ఆశ తల ఎత్తింది. "మొదటి నుంచీ అందరికీ చెప్తానే ఉండాను. బండే నిలిచింది అని. ఎవరూ సరిగ్గా వినలా. ముందర ఏమీ లేదన్నదొక్కటే అబద్ధం. మిగిలింది నిజమే."

"భయంలో కాలు ఆడలేదేమో. నాకైనా అట్లే అవుతుంది."

"భయం లేదు వదినా." ఆశ గొంతులో వణుకు లేదు. "ఆయన ముఖం బాగా కనబడుతాండె. కాలు ఎక్సలరేటర్ మీదే ఉండాదని కూడా నాకు తెలుస్తాండె. తియ్యాలనిపించలా."

రంజిత బండి మీద నుంచి చెయ్యి తీసేసింది.

దినాల తరబడి తన పనిలో తప్పు వెతుక్కుంది. మొగుణ్ణి అనుమానించింది, దీపక్‌ను అనుమానించింది. ఈ గోడల మధ్య, బోర్డు నిలబెట్టి, వెలుతురు అడ్డం పెట్టి తాను సరిచేసిన చూపు ఒక మనిషి ప్రాణం నిలిపింది. తన చేతి మీదుగా అంతకంటే మంచి పని ఇంతవరకూ జరగలేదు. ఆ మాట ఎవరితోనూ అనడానికి లేదు.

"ఇది ఇంకెవరికి తెలుసు?" అని అడిగింది చివరికి.

"నీకే."

రేకు తలుపు కిర్రుమంది.

ముందు దీపక్ వచ్చాడు, వెనకాల పాపక్క, ఆమె వెనకాల నాగరాజ్. దీపక్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వచ్చినవాడు తిన్నగా రంజిత ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, సారీ. మీకు ముందు సారీ చెప్పాలి. అత్తమ్మకూ బావకూ అంతా చెప్పేశా. ఆ రోజు నేను ఆఫీసులో లేను. బండి ముందు నిలబడింది నేనే. ఫైట్ చేసుకున్నాం, కోపంలో రోడ్డుకు అడ్డం నిలబడ్డా. ఆ స్కూటీ ఆమెకు దెబ్బ తగిలింది నా వల్ల. రేపు స్టేషన్‌లో ఇదే చెప్తా."

"ఇంతకాలం ఎందుకు దాచినావు?" అంది రంజిత.

"ఆశ దాచింది కాబట్టి." అతను భార్య వైపు చూశాడు. "కరెక్ట్ టైంకి బ్రేక్ వేసి నన్ను బతికించింది అక్కా. నా పేరు బయటికి రాకూడదని, బండే ఆగిపోయింది అని అందరికీ చెప్పింది. నేను అంత చేసినాక కూడా నన్ను కాపాడాలనే చూసింది. నేనేమో తప్పు మీ మీద పడుతుంటే గమ్మున కూర్చున్నా."

ఆశ స్టూలు మీద కదలకుండా ఉంది.

పాపక్క వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నీ పనిలో తప్పు లేదంటమ్మా. నాగరాజ్ కూడా ఇప్పుడే చెప్పినాడు. నా బిడ్డ అనే తొందరలో నిన్ను అనరాని మాట అంటిని. మనసులో పెట్టుకోవద్దు."

ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి తన భుజం మీద పడటం రంజితకు ఇదే మొదలు. నాగరాజ్ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అందరికీ మనసు తేలికైంది. ఎవరి తప్పు వాళ్లు ఒప్పుకున్నారు.

"ఇంటికి పోదాం ఆశా," అన్నాడు దీపక్. "స్కూల్ సంగతి నిదానంగా మాట్లాడుకుందాం. నేను ఏం చేసినా నీ కోసమే అని నీకూ తెలుసు. తెలీకుండానే బ్రేక్ వేసినావా?"

ఆశ అతన్ని చాలాసేపు చూసింది. పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది.

"సరే, పోదాం," అంది. "బండి నేను నడుపుతా."

"ఇంత జరిగినాక ఏమిటికమ్మా? అన్న వచ్చి దించుతాడు," అంది పాపక్క.

"లేదమ్మా. నేనే నడుపుతా."

"నడపనీ అత్తమ్మా," అన్నాడు దీపక్. అతనూ నవ్వాడు. "తను నడిపితే నాకేం భయం లేదు."

ఆశ లేచి వచ్చి, తాళం కోసం రంజిత ముందు చెయ్యి చాపింది. ఆ చెయ్యి కూడా వణకడం లేదు.

రంజిత ఆమె కళ్లలోకి చూసింది. అక్కడ ఏముందో తెలియలేదు. ఈ సాయంత్రం ఇద్దరూ నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు, తలుపు వేసుకుని మాట్లాడుకోవచ్చు, అన్నీ సర్దుకోవచ్చు. అలా జరగదని చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. జరుగుతుందని నమ్మడానికీ ఏమీ లేదు.

ఆమె పర్సులోని తాళాన్ని తీసి గుప్పిట్లోకి ముడుచుకుంది.

"బండి ఇయ్యలేను."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఎందుకక్కా?" అన్నాడు దీపక్.

"ఇంకా పని ఉండాది. ఇట్లా రోడ్డు మీదికి పంపించేదానికి కాదు."

"ఏం పని?" అన్నాడు నాగరాజ్. "పొద్దున సరిగ్గానే ఉండాదని నువ్వే కదా..."

ఆమె అతని వైపు చూడలేదు. భుజం మీద నుంచి పాపక్క చెయ్యి నిదానంగా లేచిపోయింది.

"సరిగ్గా చెప్పు రంజితా. నాకు ఒక్క మాట కావాల. నీ కెమెరాలో తప్పు ఉండాదా, లేదా?"

ఆశ చాపిన చెయ్యి ఇంకా అట్లాగే ఉంది.

"ఉండాది అత్తా," అంది రంజిత.